విడిపోతున్న తండ్రికి ఏ సేవ ఎంత పనికొస్తుంది: హెల్ప్‌లైన్ నుంచి కాంటాక్ట్ సెంటర్ దాకా

భార్యాభర్తలు విడిపోతున్నప్పుడు తండ్రికి అండగా ఉంటామని చెప్పే సేవలకు ఇప్పుడు కొదవలేదు. హెల్ప్‌లైన్లు, మధ్యవర్తి ద్వారా ఇద్దరినీ ఒప్పందానికి తెచ్చే మీడియేషన్ సెంటర్లు, పర్యవేక్షణలో పిల్లల్ని కలిసే కాంటాక్ట్ సెంటర్లు, ఇద్దరి మధ్య మెసేజ్‌లు నడిపే యాప్‌లు, తండ్రుల గ్రూపులు, ఫీజు పుచ్చుకుని కేసు గెలిపిస్తామనే సలహాదారులు. వీటన్నిటికీ తూకపురాయి మాత్రం ఒకటే పెట్టాం: ఈ సేవ వాడాక పిల్లలతో గడిపే సమయం క్రమంగా, గొడవ లేకుండా, ముందే తెలిసేలా నడుస్తోందా, లేక ఫైలు ఒక్కటే లావెక్కిందా? ఆ రాయితో తూస్తే బాగా పేరున్నవి కొన్ని తేలిపోతాయి. ఎవరూ పట్టించుకోనివి ఒకటి రెండు బరువు తూగుతాయి.

మంచి సేవకు ఆనవాలు మొదటి అరగంటలోనే దొరుకుతుంది. అవతలి మనిషి మీ భార్య గురించి ఎన్ని ప్రశ్నలు వేశాడో, పిల్లల గురించి ఎన్ని వేశాడో లెక్కపెట్టండి. పాప ఏ తరగతి, బడి ఎన్నింటికి వదులుతారు, రాత్రి ఎవరు నిద్రపుచ్చుతారు, మందులేమైనా వాడుతోందా, మీ పని వేళలేంటి. ఈ ప్రశ్నలు రాకుండానే "మీకు జరిగింది అన్యాయం" అన్నారంటే వాళ్ల దగ్గర ఓదార్పు ఉందేమో గానీ పని తెలియదు.

హెల్ప్‌లైన్

ఇల్లు వదిలి వచ్చిన రాత్రో, కోర్టు కాగితం చేతికందిన మధ్యాహ్నమో చేసే ఫోన్ ఇది. అప్పటికి మనిషికి నిద్ర ఉండదు, ఒక్క మాట చెప్పబోయి పది చెబుతాడు. ఫోనెత్తినవారు పని తెలిసినవారైతే ఆ పదీ విని మూడు సంగతులు తేల్చుకుంటారు: ఈ రాత్రి పిల్లలు ఎక్కడున్నారు, ఇంట్లో ఎవరికైనా ప్రాణభయం ఉందా, చేతిలో ఉన్న కాగితం మీద తేదీ ఏముంది. మూడోది చాలామందికి తట్టదు. నోటీసుకు జవాబిచ్చే గడువు, హాజరవ్వాల్సిన రోజు ఆ కాగితంలోనే ఉంటాయి. ఆ రోజు తప్పిపోతే తండ్రి మాట వినకుండానే ఉత్తర్వు వెలువడొచ్చు, దాన్ని తిరగదోడడం వేరే పెద్ద తతంగం.

నాలుగో ప్రశ్న కూడా ఉంది, అడగడానికి చాలామంది జంకుతారు: "చచ్చిపోవాలనిపిస్తోందా?" కొత్తగా విడిపోయిన మగవాళ్లలో ఆత్మహత్య ముప్పు ఎక్కువని పలు దేశాల పరిశోధనల్లో తేలింది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ. తండ్రుల కోసమే పెట్టిన లైనులో ఈ ప్రశ్న వేయకపోతే మేం దానికి సగం మార్కులు కూడా వేయం. ఆ ఆలోచన నిజంగా ఉన్నవారు ఈ లైనుతో ఆగకుండా వెంటనే అత్యవసర మానసిక ఆరోగ్య లైనుకు ఫోన్ చేయాలి. ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం వేళ లైను దొరకదు. దొరికినా ప్రతిసారీ కొత్త మనిషి, కథ మళ్లీ మొదటి నుంచి. దీనికి విరుగుడు అరపేజీ కాగితం: పెళ్లి తేదీ, పిల్లల పుట్టిన తేదీలు, విడిగా ఉండటం మొదలైన రోజు, పిల్లల్ని చివరిసారి కలిసిన రోజు, రాబోయే కోర్టు తేదీ. చదవడానికి నిమిషం పడుతుంది, ఇరవై నిమిషాల గోడు తప్పుతుంది. ఫోన్ మొదట్లోనే మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. మాటలు రికార్డవుతున్నాయా? ఏ పరిస్థితిలో బయటివాళ్లకు చెప్పాల్సి వస్తుంది? పిల్లలకు హాని ఉందని తెలిస్తే గోప్యత సాధారణంగా వర్తించదు కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యం. చట్టం గురించి చెప్పేవారికి అందులో శిక్షణ ఉందా? వాలంటీర్లకు వినడం బాగా తెలుసు, సెక్షన్లు తెలియకపోవచ్చు. ఫోన్లో విన్న చట్టాన్ని కాగితం మీద చూసేదాకా నమ్మకండి.

లాయరు దగ్గర ఏం కొంటున్నారు?

"తండ్రుల కేసులే చేస్తాం" అనే బోర్డుకు విడిగా విలువేమీ లేదు. కుటుంబ కోర్టులో రోజూ నిలబడే లాయరు, రాజీ కుదిర్చిన అనుభవం ఉన్న లాయరు, ఫీజు ఏ పనికి ఎంతో కాగితం మీద రాసిచ్చే లాయరు కావాలి. మొత్తం కేసు అప్పగించక్కర్లేదు. చాలాచోట్ల ఒక్క సలహాకో, ఒక్క పిటిషన్ రాయించడానికో, ఒప్పందం చదివి చెప్పడానికో మాత్రమే ఫీజు కట్టొచ్చు. కాగితాలు తేదీల వారీగా పేర్చుకుని వెళ్లే తండ్రికి ఈ పద్ధతి బాగా గిట్టుబాటవుతుంది. సంచీనిండా వాట్సాప్ ప్రింట్లు పట్టుకెళ్లేవాడు మాత్రం వాటిని చదివించడానికే ఫీజు కడతాడు.

పూర్తి కస్టడీ ఇప్పిస్తానని మొదటి మీటింగులోనే మాటిచ్చే లాయరును అక్కడితో వదిలేయండి. ఆ మాట ఇవ్వగలిగేవారు ఎవరూ లేరు. మంచి లాయరు ముందు తాత్కాలిక ఏర్పాటు సంగతి ఎత్తుతాడు. పిల్లలు కొన్ని నెలలుగా ఒక పద్ధతికి అలవాటుపడ్డాక దాన్ని కదపడానికి కోర్టులు సాధారణంగా వెనకాడతాయి. అందుకే "గొడవ చల్లారనీ, తర్వాత చూద్దాం" అని నాలుగు నెలలు పిల్లల్ని చూడకుండా ఊరుకున్న తండ్రి తనకు తెలియకుండానే ఆ చూడకపోవడాన్ని అలవాటుగా మార్చేస్తాడు. ఇల్లు వదలక తప్పకపోతే వదిలిన వారంలోనే, రెండు గంటలకైనా సరే, పిల్లల్ని కలిసే వేళలు రాతలో ఉండాలి.

"పిల్లల్ని చూపించేదాకా భరణం ఆపేయండి" అనే సలహా మరీ ప్రమాదం. ఎక్కువ దేశాల చట్టాల్లో పిల్లల పోషణ వేరు, కలవడం వేరు. ఒకటి ఆగిందని రెండోది ఆపితే బకాయి పేరుకుంటుంది, కోర్టు ముందు తండ్రి మాటకు బరువు తగ్గుతుంది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపాలి, ఏ నెలకో రాయాలి. చేతికిచ్చిన డబ్బుకు సాక్ష్యం ఉండదు.

పిల్లల్ని వేరే దేశానికి తీసుకెళ్లారనో, తీసుకెళ్తారనో అనుమానం ఉంటే మామూలు కుటుంబ లాయరు చాలడు. అక్రమంగా వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి రప్పించే 1980 నాటి హేగ్ ఒప్పందం 16 ఏళ్లలోపు పిల్లలకు వర్తిస్తుంది, అదీ రెండు దేశాలూ అందులో ఉన్నప్పుడే. తీసుకెళ్లిన ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవడం కీలకం. ఏడాది దాటితే పిల్లలు కొత్తచోట కుదురుకున్నారన్న వాదనకు బలం వస్తుంది. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు కాబట్టి అటు తీసుకెళ్లిన పిల్లల కేసులు వేరే దారిలో నడుస్తాయి. ఈ తేడా మొదటి మాటల్లోనే చెప్పని సలహాదారుకు ఈ రంగం తెలియదు.

మీడియేషన్: మా మొదటి ఓటు

ఇన్ని సేవల్లో ఒక్కదానికే డబ్బుందంటే దీనికి పెట్టమంటాం. అమెరికాలోని వర్జీనియాలో మనస్తత్వవేత్త రాబర్ట్ ఎమరీ బృందం కోర్టుకొచ్చిన జంటల్లో కొందరిని మీడియేషన్‌కు, కొందరిని మామూలు కోర్టు దారికి చీటీలు తీసినట్టుగా పంపి, 12 ఏళ్ల తర్వాత మళ్లీ చూసింది. మీడియేషన్‌కు పట్టింది సగటున ఐదారు గంటలే. పిల్లలకు దూరంగా ఉంటున్న తల్లులు లేదా తండ్రుల్లో వారానికి ఒక్కసారైనా పిల్లల్ని చూస్తున్నవారు మీడియేషన్ వైపు 28 శాతం, కోర్టు వైపు 9 శాతం. అది చిన్న అధ్యయనమే, 28 కూడా గొప్ప అంకె కాదు. కానీ ఐదారు గంటల కూర్చోబెట్టుడుకు పన్నెండేళ్ల తర్వాత కూడా మూడింతల తేడా మిగలడం ఈ రంగంలో అరుదు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి పిల్లల విషయంలో కోర్టుకు దరఖాస్తు చేసేముందు మీడియేషన్ గురించి తెలుసుకునే సమావేశానికి వెళ్లడం తప్పనిసరి చేశారు. ఆస్ట్రేలియాలో అయితే కూర్చుని మాట్లాడే ప్రయత్నం చేశామన్న సర్టిఫికెట్ చూపించాలి. హింస ఉన్న కేసులకు రెండుచోట్లా మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపు ఉత్తుత్తిది కాదు. మంచి మీడియేటర్ ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టడు. ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి కొట్టడం, బెదిరించడం, డబ్బు కట్టడిచేయడం లాంటివి ఉన్నాయా అని అడుగుతాడు. తండ్రే బాధితుడైనా ఇదే వర్తిస్తుంది, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదు. ఈ విడి సమావేశం లేకుండా నేరుగా బల్ల చుట్టూ కూర్చోమనే సెంటర్ నుంచి లేచి రావడమే మంచిది. అవసరమైతే ఇద్దరినీ వేర్వేరు గదుల్లో ఉంచి మీడియేటరే అటూ ఇటూ తిరిగే పద్ధతి ఉంటుంది. నెమ్మదిగా సాగుతుంది గానీ పని అవుతుంది.

మీడియేషన్ చెడేది ఎక్కువగా రెండు కారణాలకే. ఒకటి, భార్యను తిరిగి ఇంటికి రప్పించుకునే చివరి అవకాశంగా తండ్రి దాన్ని వాడుకోవడం. మూడు సమావేశాలూ పాత సంగతులతోనే అయిపోతాయి, బుధవారం పాపను బడి నుంచి ఎవరు తేవాలన్నది తేలదు. కాపురం నిలబెట్టుకోవాలనుంటే దానికి దంపతుల కౌన్సిలింగ్ వేరే ఉంది. రెండోది, ఒప్పందం మెత్తమెత్తగా రాసుకోవడం. "తండ్రి వారాంతాల్లో తగినంత సమయం పిల్లలతో గడపవచ్చు" అన్న వాక్యం సంతకం పెట్టినరోజు అందంగా ఉంటుంది. ఆరోవారానికి 'తగినంత' అంటే ఎంతన్న గొడవ మొదలవుతుంది. దాన్నే ఇలా రాస్తే:

"రాబోయే శుక్రవారం మొదలుకొని 14 రోజులకోసారి, శుక్రవారం బడి వదిలే వేళకు తండ్రి పాపను బడి నుంచే తీసుకెళ్తాడు. సోమవారం ఉదయం బడిలోనే దింపుతాడు. శుక్రవారం సెలవైతే సాయంత్రం 5 గంటలకు తల్లి ఇంటి గేటు దగ్గర. ఆలస్యం 30 నిమిషాలు దాటేలా ఉంటే ముందే మెసేజ్. పాపకు ఒంట్లో బాగోక వెళ్లలేకపోతే ఆ వారాంతం తర్వాతి వారానికి మారుతుంది, ఆ తర్వాత లెక్క మామూలే."

ఇందులో ప్రతి ముక్కకూ ఒక పని ఉంది. 14 రోజులకోసారి అనకుండా "నెలలో మొదటి, మూడో వారాంతం" అని రాస్తే ఐదు వారాంతాల నెలలో రెండు వారాంతాలు వరసగా ఖాళీగా పోతాయి. మూడు వారాలు పిల్లలు కనబడరు. బడి దగ్గర తీసుకుని బడి దగ్గరే దింపితే తల్లిదండ్రులు ఎదురుపడరు, గేటు దగ్గర మాటామాటా పెరగదు. పైగా ఆదివారం సాయంత్రమే దింపే పద్ధతితో పోలిస్తే, 14 రాత్రుల్లో తండ్రి దగ్గర గడిపేవి 2 కాస్తా 3 అవుతాయి. ప్రతి బుధవారం రాత్రి కూడా కలిపితే 5. చెరిసగం కావాలంటే రెండు రాత్రులు ఒక ఇంట్లో, రెండు మరో ఇంట్లో, మూడు మళ్లీ మొదటి ఇంట్లో, తర్వాతి వారం తిరగేసి, ఇలా లెక్కేస్తే 14కు 7 వస్తాయి. ఏ ఇంటికీ మూడు రాత్రులకు మించి దూరం ఉండదు గనక చిన్నపిల్లలకు నయం, కానీ రెండు వారాల్లో ఆరుసార్లు ఇల్లు మారాలి. వారం ఇక్కడ వారం అక్కడ అయితే రెండుసార్లే మారతారు. పెద్ద పిల్లలకు, బరువైన బడి సంచులకు అదే సుఖం. చంటిపిల్లల లెక్క పూర్తిగా వేరు: గంటలు తక్కువైనా వారంలో ఎక్కువసార్లు కనబడాలి, పాలూ నిద్రా వేళలు దాటించకూడదు.

చివరగా, మీడియేషన్‌లో రాసుకున్నది దానంతటదే కోర్టు ఉత్తర్వు కాదు. కోర్టు ఆమోదం వేయించుకోకపోతే అది ఇద్దరి మంచితనం మీదే నిలుస్తుంది. సంతకాలయ్యాక బద్ధకించి ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ.

కాంటాక్ట్ సెంటర్

దీన్ని జైలు ములాకత్ అనుకుని తండ్రులు అవమానపడతారు. ఆ మాటలో కొంత నిజముంది: ఇరుకు గది, గోడమీద గడియారం, మూలన కూర్చుని రాసుకునే మనిషి. అయినా ఏళ్లతరబడి కలవని పిల్లలతో మళ్లీ మొదలుపెట్టడానికి, ఆరోపణలున్నప్పుడు తండ్రినీ బిడ్డనీ ఇద్దరినీ కాపాడటానికి దీనికి సాటి వచ్చేది లేదు.

ముందు తెలుసుకోవాల్సింది, ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో ఒకే హాల్లో నాలుగైదు కుటుంబాలు ఉంటాయి, వాలంటీర్లు తిరుగుతుంటారు, ఎవరొచ్చారు ఎంతసేపున్నారు అన్నది తప్ప వివరంగా ఏమీ రాయరు. రెండో రకంలో ఒక కుటుంబానికి ఒక శిక్షణ పొందిన మనిషి, ప్రతి మాటా వినబడేంత దూరంలో కూర్చుని రిపోర్టు రాస్తారు. కోర్టు రెండో రకం చెప్పినప్పుడు చవకని మొదటిదానిలో చేరితే ఆ కలయికలు లెక్కకు రాకపోవచ్చు. కాగితంలో ఉన్న మాట చూసుకుని బుక్ చేసుకోవాలి.

సెంటర్ మంచిదా కాదా అన్నది భవనాన్ని చూసి చెప్పొచ్చు. తల్లికీ తండ్రికీ వేర్వేరు ద్వారాలో, లేదా ఒకరికొకరికి కనీసం పావుగంట తేడాతో వచ్చిపోయే వేళలో ఉండాలి. ప్రతిసారీ అదే పర్యవేక్షకురాలు ఉండాలి, మనిషి మారితే బిడ్డ మళ్లీ మొదటికొస్తుంది. మొదటి కలయికకు ముందు బిడ్డను ఒకసారి ఊరికే తీసుకొచ్చి గది చూపించాలి. రిపోర్టు ఎన్నాళ్లకు, ఎవరికి ఇస్తారో రాతలో చెప్పాలి. మేం చూసే ఇంకో సంగతి బొమ్మల అలమర. చాలా సెంటర్లలో అన్నీ ఐదేళ్లలోపు పిల్లల బొమ్మలే. పదకొండేళ్ల కుర్రాడు ప్లాస్టిక్ ఏనుగులతో గంటసేపు ఏం చేస్తాడు? రెండోసారికే రానంటాడు, తప్పు తండ్రి ఖాతాలో పడుతుంది. అలాంటిచోటుకి చెస్ బోర్డో, పేకముక్కలో, ఇద్దరూ కలిసి బిగించే చిన్న మోడల్ కిట్టో వెంట తీసుకెళ్లాలి, ముందు అడిగి.

రిపోర్టులో వాళ్లు రాసేది తీర్పు కాదు, కళ్లకు కనిపించింది. "పాప తలుపు దగ్గర ఆగింది. తండ్రి నేల మీద కూర్చుని బొమ్మలు పేర్చడం మొదలుపెట్టాడు. మూడు నిమిషాల తర్వాత పాప దగ్గరికొచ్చింది." ఇది మంచి పేరా. "తండ్రి ఐదు బహుమతులు తెచ్చాడు. ఇంట్లో ఎవరెవరుంటున్నారని రెండుసార్లు అడిగాడు. త్వరలో మన ఇంటికి వెళ్లిపోదాం అన్నాడు." ఇది చెడ్డది, నాలుగు నెలలు వెంటాడుతుంది. గుట్టలుగా బహుమతులు, తల్లి గురించి ఆరా, నిలబెట్టుకోలేని మాట, అడక్కుండా తీసిన ఫొటో: ఈ నాలుగింటి దగ్గరే ఎక్కువమంది జారతారు. బిడ్డ ఏడిస్తే "నాన్నకీ ఏడుపొస్తోంది" అనడం కూడా ఆ కోవలోదే, ఆ బరువు బిడ్డ మీద పెట్టకూడదు.

వీడ్కోలు ముందే రిహార్సల్ చేసుకోండి. గంట అయిపోవడానికి పది నిమిషాల ముందు ఒకసారి, ఐదు నిమిషాల ముందు ఒకసారి చెప్పాలి. ఆట పూర్తిచేసి, బొమ్మలు కలిసి సర్ది, ప్రతిసారీ అదే మాటతో ముగించాలి. బిడ్డ లోపలికి రానని మొండికేస్తే సెంటర్ బలవంతం చేయదు, చేయకూడదు కూడా. తండ్రి కేకలేయకుండా, ఇచ్చిన గంటా అక్కడే ఉండి, వచ్చానన్న నమోదు చేయించుకుని వెళ్లాలి.

ఈ సేవ మీద మా పెద్ద ఫిర్యాదు ముగింపు తేదీ లేకపోవడం. ఎక్కడైనా సరే, చేరేనాడే అడగండి: ఎన్ని కలయికలు బాగా జరిగితే బయట పార్కుకు వెళ్లొచ్చు, ఎప్పుడు రాత్రి ఉండొచ్చు, ఎవరు తేలుస్తారు? ఆ జవాబు లేకపోతే ఆరు వారాల వంతెన అనుకున్నది రెండేళ్ల కాపురమవుతుంది.

యాప్‌లు

విడిపోయిన తల్లిదండ్రుల కోసం చేసిన అవర్ ఫ్యామిలీ విజార్డ్ యాప్ 2001 నుంచి ఉంది, టాకింగ్ పేరెంట్స్, యాప్‌క్లోజ్ తర్వాత వచ్చాయి. వాట్సాప్ ఉండగా ఇవెందుకంటే, ఇక్కడ పంపిన మెసేజ్ చెరిపేయలేం. ఎప్పుడు పంపారో, అవతలివారు మొదట ఎప్పుడు తెరిచారో సమయంతో సహా నమోదవుతుంది, మొత్తం పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. స్క్రీన్‌షాట్ కత్తిరించారన్న వాదనకు తావుండదు. క్యాలెండర్, ఖర్చుల బిల్లులు అక్కడే ఉంటాయి. విజార్డ్‌లో కటువు మాట రాస్తే పంపకముందే హెచ్చరించే టోన్‌మీటర్ కూడా ఉంది. ఇంగ్లిష్‌కు బాగానే పనిచేస్తుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు వెటకారాన్ని పట్టుకుంటుందని ఆశపడకండి.

రెండోవారు చేరకపోతే యాప్ సగం వృథా. ఒప్పందంలోనో ఉత్తర్వులోనో యాప్ పేరు రాయించుకోవడం దీనికి మందు. ఇంకో ఇబ్బంది, ఇది సాక్ష్యం కాబట్టి ఎదుటివారి తప్పులు నమోదు చేయడానికే దాన్ని వాడటం. రోజుకు పదిహేను మెసేజ్‌లు పంపే తండ్రి పీడీఎఫ్ రెండొందల పేజీలవుతుంది, చదివిన జడ్జికి కనిపించేది వేధింపు. ఈ రెండూ చూడండి:

"నువ్వెప్పుడూ ఇంతే, కావాలనే పాపని లేటుగా పంపిస్తావు, మీ అమ్మ మాట విని నా బతుకు నాశనం చేశావు. రేపైనా టైముకి పంపు."

"రేపు 5 గంటలకు గేటు దగ్గర ఉంటాను. పాప దగ్గు మందు, లెక్కల పుస్తకం బ్యాగులో పెట్టి పంపించు. సోమవారం పొద్దున బడిలో దింపుతాను."

రెండోదానిలో వేళ, వస్తువు, తర్వాతి అడుగు తప్ప ఏమీ లేవు. ఎదుటివారికి జవాబివ్వడానికి ఏమీ దొరకదు, దొరకకపోవడమే కావాల్సింది. ఒక హెచ్చరిక: సంప్రదించకూడదని కోర్టు ఉత్తర్వు ఉంటే ఏ యాప్‌లోనూ జవాబివ్వకూడదు. ఆమే ముందు మెసేజ్ చేసినా, మీరిచ్చే జవాబు మీ ఉల్లంఘనగానే చూస్తారు. లాయరు ద్వారానే వెళ్లాలి.

గ్రూపులు, కౌన్సిలర్లు, ఇంకొందరు

తండ్రుల గ్రూపులు కొత్తవి కావు, బ్రిటన్‌లో ఫ్యామిలీస్ నీడ్ ఫాదర్స్ అనే సంస్థ 1974లోనే మొదలైంది. తనలాంటి మరో పదిమంది ఉన్నారని తెలియడం చిన్న మేలు కాదు. ఏ ఫారం ఎక్కడ దొరుకుతుందో లాయరు కంటే వీళ్లకే బాగా తెలుసు. అయితే నడిపేవారుండి, భార్యల పేర్లు తీయకూడదని నియమముండి, వేళకు ముగిసే గ్రూపు వేరు, రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు మంట రాజేసే ఆన్‌లైన్ గ్రూపు వేరు. రెండో రకంలో నెలరోజులుంటే కోపం పెరగడమే గానీ పిల్లలతో ఒక్క గంటా పెరగదు. అక్కడ చేతులు మారే మోడల్ పిటిషన్లను యథాతథంగా వాడకండి, దేశం మారితే చట్టమే వేరు. పిల్లల ఫొటోలు, కోర్టు కాగితాలు పెట్టడం కొన్నిచోట్ల నేరం కిందికి కూడా వస్తుంది.

కౌన్సిలర్ల విషయంలో ఒకే ఒక్క పొరపాటు పదేపదే జరుగుతుంది. బిడ్డకు చికిత్స చేసే కౌన్సిలర్‌నే "నాతో ఉంటేనే మంచిదని ఒక ఉత్తరం రాసివ్వండి" అని అడగడం. చికిత్స చేసేవారు, కోర్టు కోసం అంచనా వేసేవారు ఒకరే అయి ఉండకూడదన్నది వృత్తి నియమం. ఆ కౌన్సిలర్ కాదంటే తల్లి పక్షమని కాదు, పని తెలుసని అర్థం. అడగ్గానే రాసిచ్చే కౌన్సిలర్ ఉత్తరం క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు, బిడ్డకున్న ఒక్క నమ్మకమైన గదీ పోతుంది.

ఫీజు తీసుకుని తండ్రుల కేసులు 'మేనేజ్' చేస్తామనే సలహాదారులకు మా మార్కు సున్నాకు దగ్గర. లైసెన్సు ఉండదు, తప్పు జరిగితే ఫిర్యాదు చేయడానికి సంఘం ఉండదు, ఫీజు ముందే మొత్తం కట్టమంటారు. ఎదుటివారి ఫోన్ రికార్డు చేయమనో, భరణం ఆపమనో, ఎదురు కేసులు గుత్తగా వేయమనో చెప్పేది ఎక్కువగా వీళ్లే. ఆ కేసుల్లో పేరు తండ్రిది ఉంటుంది, సలహా ఇచ్చినవారిది ఉండదు.

వీడియో కాల్

దీనికి ఫీజు లేదు, అయినా కలిపి చెప్పాల్సిందే. 2020లో భారత సుప్రీంకోర్టు, కస్టడీ లేని తల్లి లేదా తండ్రికి పిల్లలతో రోజూ ఫోన్లోనో వీడియోలోనో మాట్లాడే వీలుండాలని ఒక తీర్పులో చెప్పింది. అందులో ప్రస్తావించిన వ్యవధి రోజుకు ఐదు పది నిమిషాలే. తక్కువనిపిస్తుంది గానీ మూడేళ్ల పిల్లకు ఐదు నిమిషాలే ఎక్కువ. వేళ ఒప్పందంలో రాయించాలి, ఎవరు డయల్ చేస్తారో రాయించాలి, ఎత్తకపోతే పది నిమిషాల తర్వాత మరొక్కసారే చేయాలి. "ఏం చేస్తున్నావ్, ఏం తిన్నావ్" అన్న రెండు ప్రశ్నలతో కాల్ నాలుగో రోజుకే ఎండిపోతుంది. ఒకే కథల పుస్తకం రెండు కాపీలు కొని ఒకటి పాప ఇంట్లో ఉంచమనండి. రోజుకు రెండు పేజీలు. నాన్న చదువుతుంటే పాప తన కాపీలో పేజీ తిప్పుతుంది, బొమ్మ ముందే చూసేసి తర్వాత ఏమవుతుందో చెప్పేస్తుంది. రెండు పేజీలూ అయ్యాక పుస్తకం మూసి, రేపటి పేజీ నంబరు పాపతోనే చెప్పించి పెట్టేయండి.